బ్రౌజర్ మారుతోంది... మీ కోడ్ సిద్ధమా?

నిన్నటిదాకా చక్కగా నడిచిన వెబ్‌సైట్ ఇవాళ మొరాయిస్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. మారింది బ్రౌజర్! ఇలాంటి మార్పును ముందే పసిగట్టి, పాత కోడ్‌ని కొత్త దారికి మళ్లించడం ఫ్రెషర్లకు బాగా పనికొచ్చే నైపుణ్యం. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంత విద్యార్థులు దీన్ని సొంత ల్యాప్‌టాప్‌లోనే, పైసా ఫీజు లేకుండా నేర్చుకోవచ్చు.

"డిప్రికేటెడ్ అంటే ఏమిటి?" వెబ్ డెవలపర్ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే చాలామంది "పనిచేయనిది సార్" అనేస్తారు. అది సరైన జవాబు కాదు. డిప్రికేటెడ్ అంటే "ఇప్పటికి పనిచేస్తుంది, కానీ ఇకపై వాడొద్దు. ఏదో ఒకరోజు తీసేసే అవకాశం ఉంది" అని అర్థం. నిజంగా తీసేస్తే దాన్ని రిమూవ్డ్ అంటారు. ఈ రెండింటి మధ్య కొన్ని నెలలు ఉండొచ్చు, కొన్నేళ్లూ ఉండొచ్చు. ఒక్కోసారి తీసేయడమే జరగకపోవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. వెబ్ పేజీలో 'కాపీ' బటన్ పెట్టడానికి ఒకప్పుడు 'డాక్యుమెంట్ డాట్ ఎగ్జెక్‌కమాండ్' వాడేవాళ్లు. అది డిప్రికేట్ అయి చాలాకాలమైంది. అయినా ఇవాళ్టికీ బ్రౌజర్లలో పనిచేస్తూనే ఉంది. కొత్తగా రాసేవాళ్లు మాత్రం 'నావిగేటర్ డాట్ క్లిప్‌బోర్డ్' వాడాలి. ఈ రెండు వాక్యాలూ స్పష్టంగా చెప్పగలిగితే చాలు, ఎదుటివాళ్లకు మీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

పట్టాలు మారితే...

ఇంతకీ ఏపీఐ అంటే? మన కోడ్‌కీ, బ్రౌజర్‌కీ మధ్య కుదిరిన ఒప్పందం. "కెమెరా కావాలంటే ఇలా అడుగు, లొకేషన్ కావాలంటే ఇలా అడుగు, నేను ఇలా ఇస్తాను" అని బ్రౌజర్ చెప్పే నిబంధనలే ఏపీఐ.

మన ప్రాంతంలో దీన్ని అర్థం చేసుకోవడానికి గుంటూరు-గుంతకల్లు రైలు మార్గాన్ని మించిన ఉదాహరణ లేదు. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల వెళ్లే ఈ లైను బ్రిటిష్ కాలం నుంచి మీటర్ గేజ్. రెండు పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. 1990లలో దాన్ని బ్రాడ్ గేజ్‌గా మార్చారు. అంటే 1676 మిల్లీమీటర్లు. ఊళ్లు అవే, ప్రయాణికులు వాళ్లే, సరుకూ అదే. కానీ పాత పెట్టె కొత్త పట్టాల మీద ఎక్కదు. పెట్టె బాగాలేక కాదు, దాని చక్రాల మధ్య దూరం వేరు కాబట్టి.

బ్రౌజర్ ఏపీఐ మారినప్పుడు మన కోడ్‌కి జరిగేది సరిగ్గా ఇదే. మన లాజిక్‌లో తప్పు ఉండదు. బ్రౌజర్‌తో కలిసే చోట కొలత మారిపోతుంది. కాకపోతే రైల్వే వాళ్లు గేజ్ మార్చేటప్పుడు కొన్నాళ్లు లైను మూసేస్తారు. వెబ్‌లో అలా కుదరదు. కాబట్టి పాతదీ కొత్తదీ కొంతకాలం పక్కపక్కనే నడుపుతారు. ఆ మధ్యకాలంలో ఎవరు మారారో వాళ్లు క్షేమం.

తెలుగు వాళ్ల 'పద్మ' కథ

ఈ మార్పు తెలుగు వాళ్లకు నేరుగా తగిలిన సందర్భం ఒకటుంది. 2000ల మధ్యకాలంలో చాలా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఒక్కో పత్రికకు సొంత ఫాంట్ ఉండేది. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన కోడ్‌ల మీదే తెలుగు ముక్కలను కూర్చేవాళ్లు. ఆ ఫాంట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో దానంతటదే దిగి అక్షరాలు కనిపించేవి. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే మాత్రం పేజీ నిండా పిచ్చి గుర్తులు! ఆ పేజీల్లో ఒక మాటను సెర్చ్‌లో వెతకడం కూడా కుదిరేది కాదు.

ఆ సమస్యకు నాగార్జున వెన్న అనే తెలుగు డెవలపర్ రాసిన జవాబే 'పద్మ'. ఇది ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకునే ఓపెన్ సోర్స్ యాడ్-ఆన్. పత్రిక పేజీ తెరవగానే అందులోని సొంత ఫాంట్ కోడ్‌లను చదివి, యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. విదేశాల్లో ఉండి తెలుగు పేపర్ చదవాలనుకునే వాళ్లకు, లినక్స్ వాడేవాళ్లకు అది పెద్ద ఊరట.

అప్పటి ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్లు బ్రౌజర్ లోపలి భాగాలను నేరుగా ముట్టుకునేవి. ఎక్స్‌యూఎల్, ఎక్స్‌పీకామ్ అనే పద్ధతుల ద్వారా దాదాపు ఏదైనా చేయగలిగేవి. అదే వాటి బలం. బ్రౌజర్ తయారుచేసేవాళ్లకు తలనొప్పి కూడా అదే. లోపల చిన్న మార్పు చేసినా ఎవరిదో ఒక యాడ్-ఆన్ పగిలిపోయేది. చెడ్డ యాడ్-ఆన్ వస్తే వాడేవాడి సమాచారానికి రక్షణ లేదు. బ్రౌజర్‌ని వేర్వేరు ప్రాసెస్‌లుగా విడగొట్టి వేగం పెంచుదామంటే ఈ పాత పద్ధతి అడ్డొచ్చేది.

అందుకే 2015 ఆగస్టులో మొజిల్లా ఒక ప్రకటన చేసింది. పాత పద్ధతికి వీడ్కోలు పలుకుతామని, దాని స్థానంలో క్రోమ్ తరహాలో వెబ్‌ఎక్స్‌టెన్షన్స్ అనే కొత్త ఏపీఐ తెస్తామని చెప్పింది. 2017 నవంబర్ 14న విడుదలైన ఫైర్‌ఫాక్స్ 57తో పాత తరహా యాడ్-ఆన్లన్నీ ఆగిపోయాయి. కార్యాలయాల కోసం ఉంచిన ఈఎస్‌ఆర్ 52 అనే వెర్షన్‌లో మాత్రం 2018 దాకా నడిచాయి.

అంటే డెవలపర్లకు దొరికిన సమయం రెండేళ్లకు పైమాటే. ఎవరైనా ఒక పూట కూర్చుని చదివితే తెలిసే విషయమే. కానీ ఒంటరిగా, ఖాళీ సమయంలో యాడ్-ఆన్ రాసిన ఎంతోమందికి దాన్ని మొదటినుంచి తిరగరాసే తీరిక లేదు. కొన్ని పాత పనులకు కొత్త ఏపీఐలో దారే లేదు. అలా ప్రపంచవ్యాప్తంగా వేల యాడ్-ఆన్లు అక్కడితో నిలిచిపోయాయి. తెలుగు పాఠకుల అదృష్టం ఏమిటంటే, అప్పటికి పెద్ద పత్రికల సైట్లు చాలావరకు యూనికోడ్‌కు మారిపోయాయి. అయితే ఆ పాత ఫాంట్లలో దాచుకున్న పేజీలు ఎవరి దగ్గరైనా ఉంటే, వాటిని చదవాలంటే ఇప్పటికీ మార్పిడి కావాల్సిందే.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఏమిటి? 'పద్మ' లాంటి ప్రోగ్రామ్‌లో రెండు భాగాలుంటాయి. ఏ ఫాంట్ కోడ్ ఏ తెలుగు అక్షరం అన్న పట్టిక ఒకటి. బ్రౌజర్‌తో మాట్లాడే భాగం రెండోది. మొదటిది ఏళ్ల శ్రమ. అది ఎప్పటికీ పాతబడదు. రెండోది బ్రౌజర్ దయ మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండూ కలగాపులగంగా ఉంటే ఏపీఐ మారినప్పుడు అంతా తిరగరాయాలి. విడివిడిగా ఉంటే తలుపు ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో బ్రౌజర్ ఏపీఐని పిలిచే కోడ్ ఎన్ని ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉందో ఒకసారి లెక్కపెట్టండి. అదంతా ఒకే ఫైల్‌లోకి తెచ్చారంటే, మీరు సగం ఇంజినీర్ అయినట్టే.

సంతకం ఆగిపోయిన రోజు

వార్తలు చదవడం సరే, వ్యాపారం ఆగిపోతే? అలాంటి సందర్భమూ ఉంది. బ్రౌజర్‌లో జావా ఆప్లెట్లు, రకరకాల ప్లగిన్లు నడిపించడానికి 1990ల నాటి నెట్‌స్కేప్ కాలం నుంచి ఎన్‌పీఏపీఐ అనే ఏపీఐ ఉండేది. భద్రతా లోపాలకు, బ్రౌజర్ క్రాష్‌లకు అది పుట్టిల్లు అయిపోయింది. దాన్ని తొలగిస్తామని 2013 సెప్టెంబర్‌లో క్రోమ్ ప్రకటించింది. 2015 ఏప్రిల్‌లో క్రోమ్ 42తో డీఫాల్ట్‌గా ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో క్రోమ్ 45తో పూర్తిగా తీసేసింది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52 కూడా ఒక్క ఫ్లాష్‌ను మినహాయించి మిగతా ప్లగిన్లకు తలుపు మూసింది. ఆ ఫ్లాష్ కథ కూడా 2020 డిసెంబర్ 31తో ముగిసింది.

మన దేశంలో దీని దెబ్బ ఎక్కడ తగిలిందంటే డిజిటల్ సంతకం దగ్గర. పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌ని కంప్యూటర్‌కి పెట్టి, టెండర్ల సైట్లో సంతకం చేయాలంటే బ్రౌజర్‌లో జావా నడవాలి. కొత్త క్రోమ్‌లో అది నడవదు. అందుకే ఎన్నో ఆఫీసుల్లో "ఈ సైట్ కోసం మాత్రం పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంచండి" అంటూ ఒక కంప్యూటర్‌ని అప్‌డేట్ చేయకుండా పక్కన పెట్టుకున్నారు. చివరికి 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి కూడా మైక్రోసాఫ్ట్ సెలవు చెప్పింది. ఆ అవసరం కోసం ఎడ్జ్ బ్రౌజర్‌లో ప్రత్యేకంగా ఐఈ మోడ్ ఇచ్చింది.

దీనికి కొత్త దారి ఏమిటి? సంతకం చేసే పనిని బ్రౌజర్ లోంచి బయటికి తీసేశారు. కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ విడిగా నడుస్తుంది. వెబ్ పేజీ దానితో మాట్లాడి సంతకం చేయించుకుంటుంది. 2017 జులై 1న జీఎస్టీ మొదలయ్యాక డిజిటల్ సంతకం కోసం ఆ పోర్టల్‌లో వాడుతున్న ఎమ్‌సైనర్ ఇలాంటిదే. మార్కాపురంలో పలకలు, టైల్స్ ఎగుమతి చేసే యూనిట్ ఒకటి కంపెనీగా నమోదై ఉంటే, దాని అకౌంటెంట్ ఈ ప్రోగ్రామ్‌ని ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. అది పనిచేయకపోతే ఆయన మొదట ఫోన్ చేసేది ఊళ్లో కంప్యూటర్ తెలిసిన కుర్రాడికే. "మొన్నటిదాకా పనిచేసింది, ఇప్పుడెందుకు చేయట్లేదు?" అన్న ప్రశ్నకు కారణం చెప్పగలిగినవాడే అక్కడ నిపుణుడు.

శాతం చిన్నది, జనం కాదు

ఒక ఏపీఐని తీసేయాలా వద్దా అన్నది ఎవరో ఒక్కరు ఇష్టం వచ్చినట్టు నిర్ణయించరు. క్రోమ్ అయితే ఎన్ని పేజీల్లో ఆ ఫీచర్ వాడకంలో ఉందో లెక్కలు తీస్తుంది. తీసేయాలన్న ఉద్దేశాన్ని బహిరంగంగా ప్రకటిస్తుంది. అభ్యంతరాలు వింటుంది. కావాలన్న సైట్లకు గడువు పొడిగించేందుకు డిప్రికేషన్ ట్రయల్ అనే పద్ధతీ ఉంది.

అయినా లెక్కలు అన్నీ చెప్పవు. 2014లో 'షోమోడల్‌డైలాగ్' అనే పాప్-అప్ ఏపీఐని క్రోమ్ 37లో తీసేశారు. ఇంటర్నెట్ మొత్తమ్మీద దాని వాడకం అత్యల్పం. కానీ ఆఫీసుల లోపలి నెట్‌వర్క్‌లో నడిచే సాఫ్ట్‌వేర్లలో అది విపరీతంగా ఉందని తర్వాత తేలింది. వాళ్ల కోసం తాత్కాలికంగా మళ్లీ ఆన్ చేసుకునే ఏర్పాటు 2015 మే వరకు కొనసాగింది.

2021 జులైలో మరొకటి. మనం జావాస్క్రిప్ట్ మొదటి క్లాసులో రాసే 'అలర్ట్' గుర్తుందిగా? ఒక సైట్ లోపల ఐఫ్రేమ్‌లో తెరిచిన వేరే సైట్ నుంచి ఆ 'అలర్ట్' రాకుండా క్రోమ్ 92లో ఆపేశారు. మోసగాళ్లు దాన్ని దుర్వినియోగం చేస్తున్నారన్నది కారణం. కానీ ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పే సైట్లలో విద్యార్థి రాసిన కోడ్ నడిచేది సరిగ్గా అలాంటి ఐఫ్రేమ్‌లోనే! పాఠాలు ఆగిపోయాయని టీచర్లు, డెవలపర్లు గట్టిగా చెప్పడంతో ఆ మార్పును తాత్కాలికంగా వెనక్కి తీసుకున్నారు.

అంటే వాడేవాళ్లు మాట్లాడితే వినేవాళ్లున్నారు. గిద్దలూరులో కూర్చుని కూడా ఒక బ్రౌజర్ లోపాన్ని సరైన ఉదాహరణతో నివేదించవచ్చు. చిరునామా ఎక్కడిదన్నది ఎవరూ అడగరు. లోపాన్ని ఎలా తిరిగి పుట్టించాలో మీరు స్పష్టంగా రాశారా అన్నదే చూస్తారు.

మీరే చేసి చూడండి

చదివితే సరిపోదు, చేతులు పెట్టాలి. ఈ నాలుగు పనులూ వారం పది రోజుల్లో చేయగలిగినవే.

ఒకటి, తెలుగు టైపింగ్ బాక్స్. కీబోర్డు మీద 'ఎ, ఎమ్, ఎమ్, ఎ' అని కొడితే 'అమ్మ' అని వచ్చే చిన్న పేజీ తయారుచేయండి. పాత పాఠాల్లో దీనికి 'కీప్రెస్' ఈవెంట్, 'కీకోడ్' వాడమని ఉంటుంది. రెండూ డిప్రికేట్ అయినవే. ల్యాప్‌టాప్‌లో పనిచేసినట్టే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ తెరిచి కొట్టండి. చాలా కీబోర్డుల్లో ఏ అక్షరం కొట్టినా 'కీకోడ్' 229 అనే వస్తుంది! ఇప్పుడు దాన్ని 'ఇన్‌పుట్' ఈవెంట్‌తో తిరగరాయండి. ఈ ఒక్క ప్రాజెక్టుతో డిప్రికేషన్ ఎందుకో అనుభవంలోకి వస్తుంది.

రెండు, లొకేషన్. 2016 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 50 నుంచి హెచ్‌టీటీపీ సైట్లకు లొకేషన్ ఇవ్వడం మానేశారు, హెచ్‌టీటీపీఎస్ ఉండాల్సిందే. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో 'లోకల్‌హోస్ట్' మీద నడిచిన ప్రాజెక్టు, కాలేజీ సర్వర్‌లో హెచ్‌టీటీపీ మీద పెట్టగానే ఎందుకు లొకేషన్ ఇవ్వదో పరీక్షించి కారణం రాయండి.

మూడు, పేజీలో మార్పులను గమనించడం. దీనికి ఒకప్పుడు మ్యుటేషన్ ఈవెంట్స్ ఉండేవి. పేజీ వేగాన్ని దెబ్బతీస్తున్నాయని వాటిని ఎప్పుడో డిప్రికేట్ చేశారు. 2024 జులైలో క్రోమ్ 127తో తీసేశారు. వాటి స్థానంలో ఉన్నది మ్యుటేషన్ అబ్జర్వర్. పాత కోడ్ ఒకటి తీసుకుని కొత్తదానిలోకి మార్చండి.

నాలుగు, ఎక్స్‌టెన్షన్. క్రోమ్‌లో మేనిఫెస్ట్ వీ2 ఎక్స్‌టెన్షన్లను దశలవారీగా ఆపడం 2024 జూన్‌లో మొదలైంది. ఇప్పుడు అంతా వీ3 పద్ధతి. ఓపెన్ సోర్స్‌లో ఉన్న చిన్న వీ2 ఎక్స్‌టెన్షన్ ఒకటి ఎంచుకుని వీ3కి మార్చే ప్రయత్నం చేయండి. బ్యాక్‌గ్రౌండ్ పేజీ పోయి సర్వీస్ వర్కర్ ఎందుకొచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

హెచ్చరికలు ఎక్కడ దొరుకుతాయి?

క్రోమ్‌లో ఎఫ్12 నొక్కితే డెవలపర్ టూల్స్ తెరుచుకుంటాయి. అందులో కన్సోల్, ఇష్యూస్ ట్యాబ్‌లు చూడండి. ఎరుపు రంగు తప్పులను అందరూ చూస్తారు. పసుపు రంగు హెచ్చరికలను దాటేస్తారు. "ఈ ఫీచర్ త్వరలో తీసేస్తాం" అనే మాట ఉండేది ఎక్కువగా ఆ పసుపులోనే. అక్కడే ఉండే లైట్‌హౌస్ టూల్ పేజీని పరీక్షించి, డిప్రికేటెడ్ ఏపీఐలు వాడారా లేదా చెబుతుంది.

ఎమ్‌డీఎన్ సైట్‌లో ప్రతి ఏపీఐ పేజీలోనూ డిప్రికేట్ అయితే పైనే గుర్తు ఉంటుంది. 'బేస్‌లైన్' అనే ముద్ర కూడా గమనించండి. ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చి 30 నెలలు దాటిన ఫీచర్‌ని 'విరివిగా అందుబాటులో ఉంది' అని అందులో చూపిస్తారు. కొత్త మార్పులు క్రోమ్ బీటాలో ముందే కనిపిస్తాయి. అందరికంటే కొన్ని వారాలు ముందు మీ ప్రాజెక్టుని అందులో నడిపి చూసుకోవచ్చు.

ఇంకో అలవాటు. బ్రౌజర్ పేరు, వెర్షన్ చూసి కోడ్ రాయొద్దు. "ఈ ఫీచర్ ఉందా?" అని బ్రౌజర్‌నే అడగండి. ఉంటే వాడండి, లేకపోతే వేరే దారి చూపండి. దీన్నే ఫీచర్ డిటెక్షన్ అంటారు. ఇంటర్వ్యూల్లో ఈ మాటకు మంచి విలువ ఉంది.

మరో జాగ్రత్త. యూట్యూబ్ పాఠాలు, ఏఐ టూల్స్ ఇచ్చే కోడ్‌లో పాత ఏపీఐలు తరచుగా వస్తుంటాయి. ఎందుకంటే ఇంటర్నెట్‌లో పోగుపడింది ఎక్కువగా పాత కోడే. తెచ్చిన ప్రతి ఏపీఐ పేరునీ ఎమ్‌డీఎన్‌లో ఒకసారి వెతికాకే మీ ప్రాజెక్టులో పెట్టండి.

ఉద్యోగానికి ఇదెలా పనికొస్తుంది?

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నా, ఇంట్లో నేర్చుకున్నా చాలామంది రెజ్యూమెలు ఒకేలా ఉంటాయి. ఒక షాపింగ్ సైట్, ఒక టూ-డూ లిస్ట్. అన్నీ కొత్తగా రాసినవే. కానీ కంపెనీలో చేరాక ఫ్రెషర్‌కి కొత్త ప్రాజెక్టు దొరకడం అరుదు. ఎవరో పదేళ్ల కిందట రాసిన కోడ్ చేతిలో పెట్టి "ఇది పగలకుండా చూడు" అంటారు. మెయింటెనెన్స్, మైగ్రేషన్, టెస్టింగ్ పనులన్నీ ఇవే.

అందుకే రెజ్యూమెలో "జావాస్క్రిప్ట్ తెలుసు" అని రాయడం కన్నా, "కీకోడ్ మీద ఆధారపడిన తెలుగు టైపింగ్ టూల్‌ని ఇన్‌పుట్ ఈవెంట్‌కి మార్చాను. మూడు బ్రౌజర్లలో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో పరీక్షించాను" అని రాయండి. గిట్‌హబ్‌లో మార్పుకు ముందు కోడ్, తర్వాత కోడ్, ఎందుకు మార్చారో చెప్పే పది వాక్యాల వివరణ పెట్టండి. ఇంటర్వ్యూలో అడిగేవాళ్లకు మాట్లాడటానికి ఒక నిజమైన విషయం దొరుకుతుంది. మీకు జవాబు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఆ వివరణలో నాలుగు విషయాలు తప్పకుండా ఉండాలి. పాత ఏపీఐ ఏం చేసేది? దాన్ని ఎందుకు వద్దన్నారు? కొత్తది ఎక్కడ తేడాగా ప్రవర్తిస్తుంది? మార్పు తర్వాత ఏదీ పగలలేదని ఎలా నిర్ధారించుకున్నారు? వీటిలో నాలుగోదానికి జవాబు చెప్పగలిగే ఫ్రెషర్లు తక్కువ. కాబట్టి దాని మీదే ఎక్కువ సమయం పెట్టండి.

మొదలుపెట్టడానికి కొత్త కోర్సు అక్కర్లేదు. మీరు ఇప్పటికే సబ్మిట్ చేసిన మినీ ప్రాజెక్టునే తెరవండి. ఎఫ్12 నొక్కండి. పసుపు రంగులో ఎన్ని లైన్లు ఉన్నాయో చూసి, మొదటిదాన్ని పూర్తిగా చదవండి. ఆ లైనే మీ మొదటి మైగ్రేషన్ ప్రాజెక్టు.